తిరిగి తీసుకెళ్ళని జాకెట్లు

మొన్న ఆదివారం మందుల షాపులో నా బీపీ మాత్రలు తీసుకుని కౌంటర్ దగ్గరికొస్తే, అక్కడున్న అమ్మాయి పాయింట్స్ కార్డ్ ఉందా అని అడిగింది. ఉంది. లేకపోవడమేమిటి, నా తాళాల గుత్తికి తాళాలు రెండు, కార్డులు పదకొండు. బూట్ల కొట్టుది, కాఫీ కొట్టుది, పెట్రోల్ బంకుది, ఆఖరికి కుక్కలకీ పిల్లులకీ సామాన్లమ్మే కొట్టుది కూడా ఉంది. మా ఇంట్లో జంతువన్నది ఏ రోజూ లేదు. ఎప్పుడో ఒకసారి చలికి తట్టుకోలేక బస్సు వచ్చేదాకా ఆ కొట్లో నిలబడ్డాను, ఏమీ కొనకుండా నిలబడితే ఏం బాగుంటుందని ఆ కార్డు తీసుకున్నాను. ఆ పదకొండింట్లో కావలసినది వెతికేసరికి నా వెనక క్యూలో ఇద్దరు నిట్టూర్చారు. నేను వాళ్ళకెంతో విలువైన కస్టమర్‌నని రసీదు మీద అచ్చేసి ఇచ్చారు. నేనది రెండుసార్లు చదువుకుంటుంటే పక్కనున్న మా అమ్మాయి, "ఇట్స్ జస్ట్ ఎ లాయల్టీ ప్రోగ్రామ్ అమ్మా, అందరికీ అదే ప్రింట్ అవుతుంది," అని చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

కారెక్కాక ఆ లాయల్టీ అన్న మాటకి నాకు నవ్వొచ్చింది, వెంటనే మనసు చివుక్కుమంది కూడా. ఈ దేశంలో ఇరవై రెండేళ్ళుగా ఉంటున్నాను. నిజంగా నమ్మకంగా, ఇంకో కొట్టు గుమ్మం తొక్కకుండా నేను అంటిపెట్టుకున్న దుకాణం ఒక్కటే. దానికి కార్డు లేదు, పాయింట్లు లేవు. పుట్టినరోజుకి మెసేజ్ పంపే యంత్రమూ లేదు. దాని యజమానురాలు మా టైలరక్క. ఆవిడంటే మా అందరికీ ఎంత ప్రేమంటే, ఆ ప్రేమతోనే ఆవిడ కొంప ముంచబోయాం. ఇది ఒకరికి చెప్పుకునేంత గొప్ప విషయం కాదుగానీ, వయసు పెరిగేకొద్దీ దాచుకోవడం కూడా కష్టమైపోతోంది.

స్కార్‌బరోలో మేముండే అపార్ట్‌మెంట్ల టవర్ నుంచి రెండు బస్సు స్టాపుల అవతల ఒక పాత ప్లాజా ఉంది. లాండ్రీకీ డ్రైవింగ్ స్కూలుకీ మధ్యన ఇరుక్కుని ఉండేది అక్క దుకాణం. తలుపు తీయగానే పక్క లాండ్రీ సబ్బు వాసన, కొత్త లైనింగ్ గుడ్డ వాసన, అక్క ఇస్త్రీపెట్టె కింద కాలే తడిగుడ్డ వాసన, మూడూ కలిసి మొహానికి కొట్టేవి. గుమ్మం దగ్గర మంచు బూట్లు విప్పి లోపలికి రావాలన్నది ఆవిడ పెట్టిన రూలు. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు నీళ్ళు పట్టుచీరల మీద పడితే ఊరుకునేది కాదు. ఆవిడది చీరాల. భర్త కారు విడిభాగాల ఫ్యాక్టరీలో పనిచేసేవాడట. ఆవిడ మొదట పన్నెండో అంతస్తులో అపార్ట్‌మెంటులోనే మిషన్ పెట్టుకుంటే, చప్పుడు భరించలేక కింది వాళ్ళు కంప్లైంట్ ఇచ్చారు. దాంతో ఈ కొట్టు అద్దెకు తీసుకున్నారు. ఆయన పోయాక కూడా ఆవిడ దుకాణం ఆపలేదు. పదో రోజు దాటగానే వచ్చి తాళం తీసిందని అందరూ చెప్పుకునేవాళ్ళు.

నేను మొదటిసారి వెళ్ళింది ఒక జనవరిలో. వరంగల్‌లో కుట్టించుకుని సూట్‌కేసు నిండా తెచ్చుకున్న జాకెట్లు ఒక్క చలికాలం గడిచేసరికి ఒక్కటీ ఎక్కలేదు. ఆఫీసులో ఒకావిడ గృహప్రవేశం ఉంది, చీర ఉంది, జాకెట్టు లేదు. సంచీ పట్టుకుని గుమ్మంలో నిలబడితే అక్క కళ్ళద్దాల మీదుగా నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "ఆది తెచ్చావా?" అంది. ఆది అంటే తెలుసుగా, మన ఒంటికి అచ్చంగా సరిపోయిన పాత జాకెట్టు. దాన్ని నమూనాగా ఇస్తే టైలరు దాన్ని పరిచి కొత్తది కత్తిరిస్తుంది. సరిపోయేది ఒక్కటీ లేదక్కా, టేపుతో కొలవమన్నాను. "టేపు ముందర నిలబడితే అందరూ ఊపిరి బిగబట్టి సన్నబడతారమ్మాయ్. టేపుకి అబద్ధం చెప్పచ్చు, ఆదికి చెప్పలేం," అని నవ్వి, మొదటి జాకెట్టు కంటితోనే కొలిచి కుట్టింది. అది ఒంటికి అతికినట్టు సుఖంగా ఎక్కింది. అదే నా ఆది అయింది, ఆపైన ఎన్నో ఏళ్ళపాటు.

ఆవిడ పని పద్ధతే వేరు. కుట్ల లోపల రెండు పక్కలా బోలెడు గుడ్డ వదిలేది. ఈ దేశంలో చలికి అందరూ ఒళ్ళు చేస్తారని, అప్పుడు విప్పి వదులు చెయ్యొచ్చని ఆవిడ లెక్క. ఆ లెక్క నా విషయంలో మూడుసార్లు నిజమైంది. అంచు మడిచి కుట్టే హెమ్మింగు మాత్రం మిషన్ మీద వేసేది కాదు. మధ్యాహ్నం పూట కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, ఒంటి దారంతో, బయటికి కనబడనంత చిన్న కుట్లు చేత్తో వేసేది. ఆ చేతికుట్టు కోసం ఓ వారం ఎక్కువ పట్టినా మేము ఏమీ అనేవాళ్ళం కాదు. పండగలకి ముందు ఆ కొట్లో నిలబడే చోటుండేది కాదు. ఎవరింట్లో శుభకార్యమున్నా పెళ్ళికూతురికన్నా ముందు అక్కకి తెలిసేది. ఎవరికి నెల తప్పిందో కూడా ఆవిడకే ముందు తెలిసేది. అయినా ఆ కబురు ఆ కొట్టు దాటి పోయేది కాదు.

నా సంగతి ఒకటి చెప్పాలి, లేకపోతే తర్వాత నేను చేసిన పని ఎందుకు చేశానో మీకు అర్థం కాదు. పదేళ్ళ కిందట నాకు కుడి రొమ్ములో గడ్డ అని ఆపరేషన్ చేశారు. బతికి బయటపడ్డాను, అది చాలు. కానీ ఆ తర్వాత మా ఆడపడుచు కూతురి పెళ్ళికి చీర కట్టుకోవాల్సొచ్చినప్పుడు, అద్దం ముందు నిలబడి ఒక పక్క వెలితిగా కనబడే జాకెట్టు చూసుకుని ఏడ్చాను. పెళ్ళికి రానని మావారితో చెప్పేశాను. ఆయన నాకు తెలియకుండా అక్కకి ఫోన్ చేశారట. మర్నాడు ఆవిడ కొట్టుకి తాళం వేసి మా ఇంటికొచ్చింది. ఏమీ అడగలేదు, అయ్యో పాపం అనలేదు. నా భుజం మీద చెయ్యి వేసి, పక్కనుంచి ఒకసారి, ఎదురుగా ఒకసారి చూసి, టీ తాగి వెళ్ళిపోయింది. నాలుగో రోజుకి జాకెట్టు పంపింది. కుడి పక్క లైనింగులో మెత్తటి పత్తి గుడ్డ పొరలు పొరలుగా పెట్టి ఎంత నేర్పుగా కుట్టిందంటే, పెళ్ళిలో ఫోటోలు తీసినవాడికి కాదు, నాకే తేడా తెలియలేదు. అప్పటినుంచి నా జాకెట్లన్నీ అలాగే వచ్చేవి. నేనెప్పుడూ చెప్పలేదు, ఆవిడా ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఆ మనిషి కుట్టిన జాకెట్టుకి నేను వంక పెట్టగలనా, మీరే చెప్పండి.

వంక పెట్టాల్సిన రోజులు వచ్చాయి. మొదట ఒక జాకెట్టుకి ఎడమ చెయ్యి కుడిదానికన్నా అరంగుళం పొడుగొచ్చింది. నా చెయ్యే అలా ఉందేమోననుకున్నాను, నిజంగా గోడకానుకుని రెండు చేతులూ కొలుచుకున్నాను. తర్వాతది మెడ ఒక పక్కకి పోయింది. ఆ తర్వాతది హుక్కులు పెడితే కాజాలు ఒక మెట్టు కింద ఉన్నాయి. అయినా తీసుకునేటప్పుడు ఆవిడ ఆశగా మొహంలోకి చూసి, "ఎట్టుందమ్మాయ్?" అని అడిగేది. "మంచిగుందక్కా!" అనేదాన్ని. ఆ మాట నా నోట్లోంచి తుమ్మొచ్చినంత తేలిగ్గా వచ్చేసేది. ఇంటికెళ్ళి భుజం మీంచి కొంగు నిండుగా కప్పుకునేదాన్ని.

ఆ ఏడాది ఉగాదికి కమ్యూనిటీ హాల్లో కార్యక్రమం. హీటర్లు ఎక్కువ పెట్టారో ఏమో, లోపల ఉడికిపోతోంది. అయినా సగంమంది ఆడవాళ్ళు కొంగు నిండా కప్పుకునే కూర్చున్నారు. కొత్త ఫ్యాషన్ కాబోలనుకున్నాను. వాష్‌రూమ్‌లో మా ఆడపడుచు కనబడింది. వయసులో మావారికన్నా పెద్దది, మాటల్లో అందరికన్నా పెద్దది. వీపు అద్దంవైపు తిప్పి, మూడు సేఫ్టీపిన్నులు నోట్లో పట్టుకుని తంటాలు పడుతోంది. నన్ను చూసి గతుక్కుమంది. నేను నా కొంగు తీసి నా మెడ చూపించాను. ఇద్దరం ఒకళ్ళనొకళ్ళు చూసుకుని సింకు పట్టుకుని నవ్వాం. ఆ నవ్వు అయ్యాక వదిన గొంతు తగ్గించి, "అక్కకి మాత్రం చెప్పకు, తట్టుకోలేదు," అంది. చెప్పనని ఒట్టేసినంత పని చేశాను.

తర్వాతి శనివారం వదిన నన్ను ఇంకో బస్సెక్కించి ఒక తమిళావిడ ఇంటికి తీసుకెళ్ళింది. ఆవిడ తన అపార్ట్‌మెంటులోనే ఆల్టరేషన్లు చేస్తుంది, తెలుగు కూడా కాస్త వచ్చు. సంచీలోంచి మా జాకెట్లు తీయగానే తిప్పి చూసి, "ఇది ఆ ప్లాజా అక్క కుట్టుదానే?" అంది. ఎలా తెలిసిందని అడిగితే లోపలి గది చూపించింది. మంచం మీద రంగురంగుల జాకెట్ల కుప్ప, ఒక్కోదానికి ఒక్కో పేరు చీటీ. చీటీల మీదవన్నీ నాకు తెలిసిన పేర్లే. "మీ తెలుగు లేడీసు అందరూ అక్కడ కుట్టిస్తారు, ఇక్కడ సరిచేయిస్తారు. మంచిగా కుట్టే నా దగ్గర కొత్తది మాత్రం ఒక్కరూ ఇవ్వరు. అక్క ఏం పుణ్యం చేసిందో!" అంది ఆవిడ, కోపం లేకుండానే. అలా ఒకటి కాదు, మూడేళ్ళు నడిచింది. అక్క దగ్గర కొత్త జాకెట్టు, మంచిగుందక్కా అనే మాట, అటునుంచి అటే తమిళావిడ ఇంటికి బస్సు. మేము చాలా మంచివాళ్ళమని మాకు గట్టి నమ్మకం. ఒక వృద్ధురాలి దుకాణం నిలబెడుతున్నామని, ఆవిడ మనసు కష్టపెట్టకుండా కాపాడుతున్నామని ఒకళ్ళకొకళ్ళం చెప్పుకునేవాళ్ళం.

ఒకరోజు ఆఫీసు నుంచి వస్తూ కొట్లోకి తొంగిచూస్తే అక్క నా కోసమే ఎదురుచూస్తున్నానంది. నేను ఒక లాయరు దగ్గర క్లర్కుని, కాగితాలు చదవడమే నా ఉద్యోగం. ప్లాజా ఓనరు ఇచ్చిన లీజు కట్ట నా చేతిలో పెట్టింది. "ఐదేళ్ళకి సంతకం పెట్టమంటన్నాడమ్మాయ్, లేకపోతే నెలాఖరుకి ఖాళీ చెయ్యాలంట. కాల్గరీ నుంచి మా అమ్మాయి ఫోను మీద ఫోను, ఇంక చాల్లేమ్మా వచ్చెయ్, పై గది నీకోసమే ఉంచా అని. అది పిచ్చిది. ఇన్నేళ్ళలో ఒక్కరంటే ఒక్కరు జాకెట్టు తిరిగి తెచ్చారా? ఇట్టాంటి కస్టమర్లనొదిలి నేను యాడికి పోతాను? నువ్వొకసారి చదివి పెట్టు, శనివారం సంతకం పెట్టేస్తా," అంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ మొహం వెలిగిపోయింది. నేను ఆ కట్ట సంచీలో పెట్టుకున్నాను. ఆ కాగితాల్లో ఏముంటుందో చదవకుండానే తెలుసు. మధ్యలో మూసేసినా ఐదేళ్ళ అద్దె కట్టేదాకా వదలరు. ఆవిడ దాచుకున్నదంతా ఆ సంతకం కిందికి వస్తుంది. ఇంకోపక్క కాల్గరీలో కూతురు, మనవరాలు ఎదురుచూస్తున్నారు. ఈ నిర్ణయమంతా ఆవిడ మా మాట మీద తీసుకుంటోంది, ఆ మాటేమో అబద్ధం.

శనివారానికి రెండు రోజులే ఉంది, సంగతి ఇంట్లో చెప్పాను. "చెప్పెయ్యి," అన్నారు మావారు. "ఏమని చెప్పను?" అంటే, "జాకెట్టు బాగాలేదని," అన్నారు. చెప్పడం ఎంత తేలికో! ఆయన ఒకసారి క్షవరం పాడైపోతే అద్దంలో చూసుకుని బ్రహ్మాండంగా ఉందని థాంక్యూ చెప్పి, నెల్రోజులు ఇంట్లో కూడా టోపీ తీయని మనిషి. నేను శనివారం నాటికి ఒక ఉపాయం ఆలోచించాను. లీజులో షరతులు బాగాలేవని, లాయరుగారు వద్దన్నారని చెప్దాం అని. అంటే ఒక అబద్ధాన్ని కాపాడటానికి ఇంకో అబద్ధం అన్నమాట. వట్టి చేతులతో వెళ్తే అనుమానం వస్తుందని, కొత్త జాకెట్టు ముక్క కూడా ఒకటి కుట్టించడానికి పట్టుకున్నాను. ఈసారి కొత్త ఆది పట్రమ్మని అక్క ఎప్పటినుంచో అంటోంది, మొదటిది పాతబడి చీకిపోయిందని. బీరువా తెరిచి ఒక్కొక్కటే వేసుకుని చూశాను, సరిగ్గా సరిపోయినది తీసి సంచీలో పడేశాను. సరిపోయేది ఎవరు సరిచేసిందో ఒక్క క్షణం ఆలోచించాల్సింది. ఆలోచించలేదు.

శనివారం ఉదయం ఎండ బాగా కాసింది, ప్లాజా ముందు మంచు కరిగి కారుతోంది. కొట్లో అక్క ఒక్కతే ఉంది. లీజు కట్ట బల్ల మీద పెట్టి నా ఉపాయం మొదలుపెట్టబోతుంటే, "ముందు ఆది ఇటియ్యి," అని తీసుకుని కిటికీ దగ్గరికెళ్ళింది. లోపలి పక్క పైకి తిప్పింది. చూడటానికి ముందే ఆవిడ వేళ్ళు అంచు వెంట పాకడం మొదలుపెట్టాయి, అలవాటుగా. సగం దూరం వెళ్ళి ఆగాయి. వెనక్కొచ్చాయి. మళ్ళీ వెళ్ళాయి. అప్పుడు నాకు తట్టింది. తమిళావిడ అంచులన్నీ మిషన్ మీదే వేస్తుంది.

"ఇది నా చెయ్యి కాదు," అంది అక్క.

ఆవిడ చంకల దగ్గర తడిమింది, హుక్కుల పట్టీ తడిమింది, కుడి పక్క లైనింగు దాకా వచ్చి అక్కడ కాసేపు వేళ్ళు ఆపింది. "గుడ్డ పొరలు నావే. తక్కినదంతా ఎవరో విప్పి మళ్ళీ కుట్టారు. ఎవరమ్మాయ్?"

"ఒక తమిళావిడ అక్కా. ఆల్టరేషన్ చేస్తది."

"ఎందుకు విప్పించావు?"

మూడేళ్ళలో మొదటిసారి ఆవిడకి నిజం చెప్పాను. "మెడ పక్కకి పోయింది అక్కా. చెయ్యి సరిగ రాలేదు."

"ఇదొక్కటేనా?"

"మూడేళ్ళ నుంచి అన్నీ అక్కా."

పక్క లాండ్రీలో యంత్రాలు తిరుగుతున్న చప్పుడు గోడలోంచి వినబడుతోంది. ఆవిడ స్టూలు మీద కూర్చుంది. నువ్వొక్కదానివేనా అని అడగలేదు, నా మొహంలోకి చూసి అడగాల్సిన పని లేకపోయింది. నేనే చెప్పాను, వదిన సంగతి, ఉగాది సంగతి, తమిళావిడ మంచం మీది కుప్ప సంగతి. చెబుతూనే ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు.

"మిషన్ మీద లైటు రెండుసార్లు మార్చానమ్మాయ్, మసగ్గా ఉందని. అద్దాలు మార్చా. కళ్ళేమన్నా పోతన్నాయా అని భయమేసేది. మళ్ళీ మీరంతా వచ్చి బాగుంది బాగుంది అంటంటే, కుట్టు బాగుంటే కళ్ళు బాగున్నట్టేగా అనుకున్నా. మిమ్మల్ని చూసే డాక్టరు దగ్గరికి పోలా." జాకెట్టు మడిచి బల్ల మీద పెట్టి అంది, "బాగాలేకపోతే తెచ్చి నా మొహాన కొట్టాల. అట్టా తెచ్చేవాళ్ళు కస్టమర్లు. మీరు నన్ను ముసలిదాన్ని చేసి, జాలిపడి పోయారు. వెళ్ళమ్మాయ్ ఇవాళ్టికి."

నా జాకెట్టు ముక్క మడత విప్పకుండానే నా చేతికిచ్చేసింది. బూట్ల లేసులు కట్టుకోకుండానే బయటికొచ్చేశాను. ఆపరేషన్ చేయించుకున్న రోజున కూడా నేనంత సిగ్గుపడలేదు, అంత ఒంటరిగానూ అనిపించలేదు.

సోమవారం పొద్దున్నే ఆఫీసుకి సెలవు పెట్టి వెళ్ళాను. తిడుతుందనుకున్నాను. "కంటి డాక్టరు దగ్గరికి ఎవరు తీసుకెళ్తారంట?" అంది కోటు వేసుకుంటూ. రెండు కళ్ళలోనూ శుక్లాలున్నాయన్నారు. అవి తీసేయొచ్చు. కానీ ఎడమ కంట్లో ప్రెషర్ చాలాకాలంగా పెరిగి నరాన్ని తినేసింది, పోయిన చూపు పోయినట్టే, ముందే వచ్చుంటే ఆపేవాళ్ళమని ఆ కుర్ర డాక్టరు చెప్పాడు. అనువదించాల్సింది నేనే. ఎంత ముందు అని అక్క అడగమంది. రెండు మూడేళ్ళు అన్నాడు. ఆ మాట తెలుగులో చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆవిడే నా చెయ్యి తట్టి, "అర్థమైందిలే," అంది.

ఐదేళ్ళొద్దు, ఏడాది చాలంది అక్క. ఓనరుతో నేనూ మా లాయరుగారూ మాట్లాడితే, గొణుక్కుంటూనే ఏడాదికి ఒప్పుకున్నాడు. ఎండాకాలం చివర్లో కుడి కంటికి ఆపరేషన్ వంతు వచ్చింది. చూపు తేటపడగానే అక్క మొదట చేసిన పని అందరికీ ఫోన్లు చేయడం. మూడేళ్ళలో నేను కుట్టిన ప్రతి జాకెట్టూ తిరిగి పట్టుకురండి, తేనివాళ్ళు ఇంక నా గుమ్మం ఎక్కొద్దు అని. ఆ శనివారం చూడాలి ఆ ప్లాజా! నలభై, యాభై ఏళ్ళ ఆడవాళ్ళు బడికి లేటుగా వచ్చిన పిల్లల్లా తలలు దించుకుని, సంచులు పట్టుకుని లాండ్రీ గుమ్మం దాకా వరసలో నిలబడ్డారు. ఒక్కొక్కరినీ పిలిచి, జాకెట్టు వేయించి, ఎక్కడ బాగాలేదో వాళ్ళ నోటితోనే చెప్పించింది. "ఇక్కడ కొంచెం..." అని నసిగితే, "కొంచెం కాదు, ఎంత?" అని గద్దించేది. మా వదిన వంతు వచ్చేసరికి ఆవిడకే మాట పెగల్లేదు. తమిళావిడ కూడా ఒక స్వీటు డబ్బా పట్టుకుని భయంభయంగా వచ్చింది. అక్క ఆవిడ సరిచేసిన నా జాకెట్టు ముందు పెట్టుకుని, "అంచు మిషన్ మీద లాగేశావు, బద్ధకం. మెడ మాత్రం బాగా కుదిర్చావు," అంది. ఆ సాయంత్రం దాకా ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని కుట్లు విప్పారు.

ఆ ఏడాదంతా ఆవిడ ఒంటికంటితో, తల కొంచెం పక్కకి తిప్పి, కొత్తవి తక్కువా పాతవి ఎక్కువా కుట్టింది. లీజు అయిపోయే నెలలో నాకు ఆఖరి జాకెట్టు కుట్టి ఇచ్చింది. ఇంటికొచ్చి వేసుకుంటే ఎంతో బాగుంది, కుడి చెయ్యి మాత్రం పైకెత్తితే చంక దగ్గర కొంచెం పట్టేస్తోంది. ఎవరూ గమనించరు. నాకు అలవాటైపోయేదే. అయినా మర్నాడు బస్సెక్కి తిరిగి తీసుకెళ్ళి, గుమ్మంలో నిలబడి, "చెయ్యి దగ్గర పట్టేస్తోందక్కా," అన్నాను. ఆవిడ జాకెట్టు అందుకుని, నన్నొకసారి చూసి, చాలాకాలానికి మనసారా నవ్వింది. "కూర్చో, ఇప్పుడే వదులు చేసిస్తా," అంది. నేను స్టూలు మీద కూర్చుని ఆవిడ కుట్లు విప్పుతుంటే చూస్తూ ఉండిపోయాను. ఆ అరగంటలాంటివి ఎన్నో నేనే పోగొట్టుకున్నానని అప్పుడు తెలిసింది.

ఇప్పుడు ఆవిడ కాల్గరీలో ఉంది. మనవరాలికి లంగాలు కుట్టిందట, ఫోటోలు పంపి ఎలా ఉన్నాయో చెప్పమంటుంది. బాగుంటే బాగున్నాయంటాను, అంచు వంకరగా ఉంటే వంకరగా ఉందంటాను. ఆవిడకి నా మీద కోపం లేదు, ఎన్నిసార్లు అడిగినా లేదనే చెప్పింది. ఫోన్ పెట్టేశాక మాత్రం నేను అక్కడే కాసేపు కూర్చుండిపోతాను. ఆ మూడేళ్ళూ మాకు మొహమాటంలో గడిచిపోయాయి. ఆవిడకి ఎడమ కంటి చూపు తీసుకుపోయాయి.